నీళ్ల ఒడ్డున రొట్టెలు

ధ్యాన భాగములు: మార్కు 6:30-34, యోహాను 21:9-14, మార్కు 9:2-27

 ఊళ్లో ఉండి ఇది చదువుతున్నవారికీ, పట్నంలో డ్యూటీ మధ్యలో ఫోన్‌లో చదువుకుంటున్న మన పిల్లలకూ దేవుని కృప తోడైయుండును గాక.

"అయ్యగారూ, కోట్‌పల్లి ప్రాజెక్టు కాడ గుడారాలేసుకొని పడుకున్నరట. అది కూడికనా, పిక్నికా?" అని సంఘ పెద్దల్లో ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. ఒక పెద్దాయన ఇంకా సూటిగా అడిగాడు. మందిరం ఉంది, ఫ్యాన్లు ఉన్నాయి, మైకు ఉంది; ఇవన్నీ వదిలి అడవిలో పడుకోవడం ఎందుకని. అడగవలసిన ప్రశ్నే. సంఘం డబ్బు ఖర్చయింది కాబట్టి సమాధానం చెప్పవలసిన బాధ్యత కూడా నాదే. ఖర్చు లెక్క సంఘ పుస్తకంలో రాసి ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. లెక్కల పుస్తకంలో పట్టని సంగతి ఒకటి ఉంది, అది ఇక్కడ రాస్తున్నాను.

మార్కు సువార్త ఆరో అధ్యాయం తీయండి. ప్రభువు పంపిన శిష్యులు సేవ ముగించుకుని తిరిగి వచ్చారు. తాము చేసినవన్నీ, బోధించినవన్నీ ఆయనకు చెబుతున్నారు. వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు. ఆ రద్దీలో వాళ్లకు తినడానికి కూడా తీరిక దొరకలేదని మార్కు రాశాడు. అప్పుడు ప్రభువు వాళ్లకు మరో పని అప్పగించలేదు. జనం లేని చోటికి వెళ్లి కాస్త అలసట తీర్చుకుందాం రమ్మన్నాడు. పడవ ఎక్కించి సరస్సు దాటించాడు. తన మనుషులు అన్నం తిన్నారా లేదా అన్నది మన ప్రభువు చూసే సంగతి. ఆయనకు అది చిన్న విషయం కాదు.

మరి మన సంఘంలో తినడానికి తీరిక లేనివాళ్లు ఎవరు? మనలో చాలామంది ఇళ్లలో ఒక్కరైనా నాంపల్లిలో ఉన్నారు. వికారాబాద్‌లో రైలెక్కితే సుమారు 70 కిలోమీటర్లు, దిగేది నాంపల్లి స్టేషన్. 1907లో కట్టిన ఆ స్టేషన్ నుంచి బయటికి వచ్చినవాడు, పని దొరికితే ఆ చుట్టుపక్కలే ఆగిపోతాడు. మన పిల్లలూ అలాగే ఆగారు. కొందరు లాడ్జీల్లో, కొందరు హోటళ్లలో గిన్నెల దగ్గర, ఇద్దరు జగదీశ్ మార్కెట్‌లో ఫోన్ల రిపేరు దగ్గర, ఆడపిల్లలు అబిడ్స్‌లో బట్టల దుకాణాల్లో. నలుగురు కలిసి ఒక గది తీసుకుంటారు. రాత్రి డ్యూటీ వాడు వచ్చేసరికి పగటి డ్యూటీ వాడు లేచి వెళతాడు. ఆ గదిలో చాప చల్లారదు.

అబిడ్స్ అనే పేరు ఎలా వచ్చిందో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిడ్ అక్కడ ఒక దుకాణం పెట్టాడు. దుకాణం పోయింది, మనిషి పోయాడు, పేరు మాత్రం ఆ వీధులకు మిగిలింది. ఈనాటికీ అది దుకాణాల లోకమే. ఆదివారం చాలా షట్టర్లు మూసి ఉంటే వాటి ముందు ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తారు. కానీ లాడ్జీకీ హోటల్‌కీ ఆదివారం లేదు. ఇక జనవరి 1న నుమాయిష్ మొదలైందంటే ఫిబ్రవరి నడిమి వరకు నాంపల్లికి నిద్ర ఉండదు. 1938 నుంచి నడుస్తున్న ఆ ఎగ్జిబిషన్‌లో మన సంఘపు చెల్లెలు ఒకామె స్టాల్లో నిలబడి పనిచేస్తుంది. "నెలన్నర నుంచి కూసొని తిన్నది యాదికి లేదు అయ్యగారూ" అంది ఆమె ఫోన్‌లో. ఆ మాట విన్నాకే ఈ శిబిరం ఆలోచన వచ్చింది.

అందుకే నుమాయిష్ ముగిశాక, ఆదివారం కాకుండా సోమ, మంగళవారాలు పెట్టుకున్నాం. ఆదివారం సెలవు దొరకనివాళ్లకోసం పెట్టే కూడిక ఆదివారమే పెడితే ఏం లాభం? పద్నాలుగు మంది వచ్చారు. లింగంపల్లి దాటితే మేడలు పలచబడతాయి, శంకర్‌పల్లి దాటితే చేలు కనబడతాయి. వికారాబాద్ స్టేషన్‌లో నేనూ, మన సంఘ పెద్దలు నలుగురూ ఎదురుచూస్తున్నాం. అక్కడి నుంచి ఆటోల్లో అనంతగిరి కొండల కింద అడవి దారిన వెళ్లాం. ఆ కొండ మీద ఒకప్పుడు క్షయ రోగులకోసం కట్టిన ఆస్పత్రి సంగతి మన పెద్దలకు తెలుసు. ఊపిరి పాడైనవాళ్లను ఈ గాలికి పంపేవారు. ఆటోలో నా పక్కన కూర్చున్న కుర్రవాడు ఆ మాట విని, "మమ్మల్ని గూడ అందుకే తెచ్చిన్రా?" అని నవ్వాడు. అందుకే అన్నాను.

కోట్‌పల్లి ప్రాజెక్టు మీరందరూ చూసిందే. మూడు వైపులా చెట్లు, తక్కువ ఎత్తు గుట్టలు, మధ్యలో నీళ్లు. ఎండాకాలం ఇంకా ముదరలేదు కాబట్టి నీళ్లు నిండుగానే ఉన్నాయి. అనుమతి తీసుకుని, ఒడ్డుకు దూరంగా ఎత్తు నేల మీద గుడారాలు వేశాం. ఆడపిల్లల గుడారాలు ఒక పక్క, వాళ్లకు తోడుగా స్త్రీల సమాజం నుంచి ముగ్గురు అమ్మలు. ఎవరూ నీళ్లలోకి దిగి ఈత కొట్టకూడదని ముందే చెప్పాం. ప్రాజెక్టు నీళ్లు పైకి ఎంత నెమ్మదిగా కనిపించినా అడుగున లోతు తెలియదు. పడవ ఎక్కినవాళ్లందరికీ లైఫ్ జాకెట్లు కట్టించి, పొద్దు గుంకకముందే ఒడ్డుకు రప్పించాం. తెల్లారి బయలుదేరేముందు మన చెత్తనే కాదు, అంతకుముందు వచ్చినవాళ్లు పడేసిన సీసాలనూ ఏరి రెండు గోనె సంచులు నింపాం.

సాయంత్రం ఆరున్నరకు పాటలు మొదలుపెడదామని కూర్చుంటే ముగ్గురు కనబడలేదు. చూస్తే గుడారంలో నిద్రపోతున్నారు. రాత్రి డ్యూటీ దిగి, అటునుంచి అటే రైలెక్కినవాళ్లు. ఒక పెద్దాయన లేపబోయాడు. పడుకోనివ్వండి అన్నాను. ఏలీయా బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత వచ్చి ఏం చేశాడో మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో చూడండి. ప్రసంగం చేయలేదు. లేపి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చి, మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. ఏలీయాకు హోరేబులో దేవుని స్వరం వినబడింది ఆ తర్వాతే. అలసినవాడి నిద్రను దేవుడు అవిశ్వాసంగా లెక్కకట్టలేదు. మనం కట్టకూడదు.

చీకటి పడ్డాక నిప్పు చుట్టూ కూర్చున్నప్పుడు నేను వాక్యం కంటే ముందు ఆ నేల సంగతి చెప్పాను. మనం కూర్చున్న ఈ కొండలు రెండు వైపుల నీళ్లను విడదీస్తాయి. అనంతగిరిలో పుట్టిన మూసీ తూర్పుకు పోతుంది. దానికి అడ్డంగా కట్టిన గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, 1920లో పూర్తయింది. నూరేళ్లకు పైగా ఆ చెరువు పట్నానికి తాగునీళ్లిస్తోంది. అంటే నాంపల్లి గదిలో కుళాయి తిప్పి మీ పిల్లలు తాగిన నీళ్లలో మన కొండ మీద కురిసిన వాన కొంతైనా ఉంటుంది. ఇవతలి పక్క పడిన వాన మాత్రం పట్నం వైపు చూడదు. ఈ కోట్‌పల్లి వాగు నీళ్లు కాగ్నాలోకి, కాగ్నా తాండూరు మీదుగా కర్ణాటకలోకి వెళ్లి భీమా నదిలోకి, భీమా కృష్ణలోకి. అటు పోయిన మూసీ కూడా పట్నం దాటి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలోనే కలుస్తుంది. ఒకే కొండ దగ్గర వీపులు తిప్పుకుని పోయిన రెండు నీళ్లు, అంత దూరం తిరిగి, ఒకే నదిలో కలుస్తున్నాయి.

ఇంకో మాట కూడా చెప్పాను. 1908 సెప్టెంబరు 28న ఇదే మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలమందిని ముంచింది. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. ఆ వరద తర్వాతే మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. ముంచిన నీళ్లే, ఆపి పట్టుకున్నాక, దాహం తీర్చాయి. కోపం కూడా అలాంటిదే. దాన్ని పట్టి ఆపే గట్టు ఇంట్లో ఎవరో ఒకరు కట్టాలి.

నేను ఈ మాటలు చెబుతున్నప్పుడు నిప్పుకు అటు ఒక తండ్రి, ఇటు ఒక కొడుకు కూర్చున్నారు. ఇక్కడి నుంచి రాసేది వాళ్లిద్దరి అనుమతితో రాస్తున్నాను. పేర్లు అవసరం లేదు. ఎవరైనా ఊహించుకున్నా, దయచేసి బయట మాట్లాడకండి.

తండ్రి మన సంఘంలో పెద్ద. పత్తీ కందీ వేస్తాడు. రెండేళ్ల క్రితం బోరు వేసిన అప్పు మీద ఇంట్లో మాట పెరిగింది. కొడుకు సేద్యం చేయనన్నాడు. తండ్రి అనకూడని మాట ఒకటి అన్నాడు, గడప తొక్కొద్దన్నాడు. ఆ పిల్లవాడు మరునాడు రైలెక్కి నాంపల్లిలో ఒక లాడ్జీలో రాత్రి డ్యూటీకి కుదిరాడు. ఇల్లు విడిచినవాడు మందిరాన్నీ విడిచాడు, ఎందుకంటే మందిరంలో చందా పళ్లెం పట్టేది వాళ్ల నాయినే. నాయనమ్మ చనిపోతే వచ్చి సమాధుల తోట గోడ అవతల నిలబడి మట్టి వేయకుండానే వెళ్లిపోయాడు. తల్లి ప్రతి ఉపవాస ప్రార్థనలో ఒక్క అంశమే చెప్పేది. రెండేళ్లలో ఆ ఇంట్లో పండుగ జరగలేదు.

శిబిరానికి తండ్రి వంటకు వచ్చాడు. కొడుకు పద్నాలుగు మందిలో ఒకడిగా వచ్చాడు. ఇద్దరికీ రెండోవాళ్లు వస్తున్నట్టు తెలుసు. అలా చెప్పే పిలిచాను. దాచిపెట్టి కలపడం దేవుని పద్ధతి కాదని నా నమ్మకం. ఇద్దరూ వస్తామన్నారు, కానీ వచ్చాక ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఆ రాత్రి నేను చెప్పిన మాటలకు ఎవరూ ఏడవలేదు, ఎవరూ లేచి సాక్ష్యం చెప్పలేదు. ప్రార్థన చేసుకుని పడుకున్నాం.

తెల్లవారుజామున చలికి మెలకువ వచ్చి బయటికి వచ్చాను. నీళ్ల మీద మంచు పొగలా ఉంది. తండ్రి అప్పటికే లేచి మూడు రాళ్ల పొయ్యి మీద పెనం పెట్టి జొన్నరొట్టెలు కాలుస్తున్నాడు. రాత్రి వండిన చేపల పులుసు నిప్పుల పక్కన వెచ్చబడుతోంది. కొడుకు గుడారం లోంచి వచ్చి, చలికి చేతులు చంకల్లో పెట్టుకుని, పొయ్యికి కాస్త దూరంగా నిలబడ్డాడు. రెండు రొట్టెలు కాలేంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత తండ్రి తల ఎత్తకుండానే ఒక పళ్లెంలో రొట్టె వేసి, పులుసు పోసి, చేప నడిమి ముక్క చూసి పెట్టి, ముందుకు జరిపాడు.

"తిను బిడ్డా. సల్లారుతది."

"నువ్వు తిన్నవా నాయినా?"

"నువ్వు తింటే నేను తింట."

అంతే. క్షమించు అనే మాట ఆ పూట ఇద్దరిలో ఎవరూ అనలేదు. కొడుకు కింద కూర్చుని తిన్నాడు. సగం తిన్నాక భుజంతో కళ్లు తుడుచుకున్నాడు. తండ్రి ఇంకో రొట్టె వేశాడు.

యోహాను 21వ అధ్యాయంలో తిబెరియ సముద్రం ఒడ్డున జరిగింది ఎన్నిసార్లు బోధించానో లెక్కలేదు. ప్రభువును ఎరుగనని ముమ్మారు అన్న పేతురు, రాత్రంతా వల వేసి ఏమీ దొరకక, తెల్లవారేసరికి ఒడ్డుకు వస్తాడు. ప్రభువు అక్కడ నిప్పులు వేసి, చేపా రొట్టే సిద్ధంగా ఉంచాడు. వాక్యంలోని క్రమం గమనించండి. నన్ను ప్రేమిస్తున్నావా అన్న ప్రశ్న పదిహేనో వచనంలో వస్తుంది. భోజనం అంతకంటే ముందు, పన్నెండో వచనంలో. అడగవలసింది చాలా ఉన్నవాడు ముందు తిండి పెట్టాడు. పేతురు తిన్నాకే అడిగాడు. సిలువకు ముందు ప్రధాన యాజకుని ఇంటి ముంగిట పేతురు ప్రభువును ఎరుగనన్నదీ నిప్పుల దగ్గరే. ఆ నిప్పు దగ్గర తెగినదాన్ని ఈ నిప్పు దగ్గర ప్రభువు కలిపాడు.

ప్రియులారా, మన ఇళ్లలో ఈ క్రమం తలకిందులవుతుంది. పట్నం నుంచి కొడుకో కూతురో వస్తే గుమ్మంలోనే ప్రశ్నలు మొదలుపెడతాం. గుడికి పోతున్నావా? డబ్బు ఎంత పంపిస్తావు? ఎవరితో తిరుగుతున్నావు? ప్రశ్నలు తప్పు కాదు, ప్రభువు కూడా అడిగాడు. కానీ ముందు పళ్లెం పెట్టండి. తినేవరకు ఆగండి. అడిగేటప్పుడు కూడా ప్రభువు అడిగినట్టు ప్రేమ గురించి అడగండి. ప్రభువు ఆ ఉదయం పేతురు పడిపోయిన రాత్రి లెక్క తీయలేదు.

ఆ పిల్లవాడు సేద్యానికి తిరిగి రాలేదు. బోరు అప్పు ఇంకా ఉంది. లాడ్జీలో రాత్రి డ్యూటీ కూడా మారలేదు. నేను ఇదంతా గెలుపు కథగా రాయడం లేదు. అయితే మార్చి నెలలో ఆ తండ్రి ఐదు కిలోల కందిపప్పు మూట కట్టుకుని మొదటిసారి నాంపల్లి వెళ్లాడు. కొడుకు ఉండే గది చూశాడు. తిరిగి వచ్చి నాతో ఒక మాట అన్నాడు: "అయ్యగారూ, వాడు సుఖం కోసం పోయిండనుకున్న. ఆ గదిల కాళ్లు సాపెతందుకు జాగ లేదు." రెండేళ్లు కొడుకు మీద ఉన్న కోపం ఆ గది చూశాక బరువు తగ్గిందని ఆయనే చెప్పాడు. పెద్దలారా, మీ పిల్లలు ఎక్కడ నిద్రపోతున్నారో వెళ్లి చూసి రండి. రైలు టిక్కెట్టు పెద్ద ఖర్చు కాదు.

చివరిగా, కొండ మీది గుడారాల గురించి వాక్యంలో ఉన్న హెచ్చరిక ఒకటి గుర్తుచేస్తాను. మార్కు తొమ్మిదో అధ్యాయంలో ప్రభువు రూపాంతరం చూసిన పేతురు, ఇక్కడే మూడు పర్ణశాలలు కట్టుకుందామన్నాడు. బాగున్న చోట ఉండిపోవాలనిపించడం సహజం. మంగళవారం మధ్యాహ్నం గుడారాలు మడుస్తుంటే మన పిల్లలకూ అలాగే అనిపించింది, నాకూ అనిపించింది. ప్రభువు మాత్రం వాళ్లను కొండ దింపి తీసుకువచ్చాడు. కొండ కింద వాళ్లకు ఎదురైంది ఎవరు? ఒక తండ్రి, బాధపడుతున్న అతని కొడుకు. గుడారం వేసింది దిగి వచ్చేందుకే. కొండ మీద కురిసిన వాన కొండ మీదే ఉండిపోతే పట్నం దాహం ఎవరు తీరుస్తారు?

అందుకే మన పెద్దలందరూ కూర్చుని ఒక తీర్మానం చేశారు. ప్రతి నెలా రెండో మంగళవారం నేను నాంపల్లి వెళుతున్నాను. మన పిల్లల గదిలోనే ప్రార్థన. రాత్రి డ్యూటీకి పోయేవాళ్లకోసం సాయంత్రం నాలుగు గంటలకు ఒకసారి, దుకాణాల షట్టర్లు పడ్డాక రాత్రి పదింటికి మరోసారి. అదే పాట, అదే వాక్యం, రెండు సార్లు. పొద్దున్నే రైల్లో తిరిగి వస్తాను. స్త్రీల సమాజం వారు ప్రతిసారీ రొట్టెలు కట్టి పంపుతామన్నారు. మొదట తింటున్నాం, తర్వాతే బైబిలు తెరుస్తున్నాం. పోయిన నెల నాలుగు గంటల కూడికకు ఆరుగురు వచ్చారు. వాళ్లలో ఒకడు గోడకు ఆనుకుని నిద్రపోయాడు. ఎవరూ లేపలేదు.

మొదట అడిగిన పెద్దాయనకు నా సమాధానం ఇది. కూడికా పిక్నికా అని పేరు పెట్టడం మీ ఇష్టం. వచ్చే ఏడు కూడా నుమాయిష్ అయిపోయాక వెళతాం. అప్పుడు మీరూ రండి, పొయ్యి దగ్గర ఇంకో మనిషి కావాలి.

ప్రార్థన: దయగల తండ్రీ, అలసినవారిని పక్కకు పిలిచి విశ్రాంతినిచ్చే దేవా, ఇంటికి దూరంగా పనిచేసుకుంటున్న మా పిల్లలను కాపాడండి. తినడానికి తీరికనూ, పడుకోవడానికి చోటునూ దయచేయండి. మాటలు ఆగిపోయిన ఇళ్లలో మొదటి పళ్లెం ముందుకు జరిపే మనసు మా పెద్దలకు ఇవ్వండి. ఆ పళ్లెం ముందు కూర్చునే మనసు మా పిల్లలకు ఇవ్వండి. నీళ్ల ఒడ్డున శిష్యులకు వండిపెట్టిన యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.

క్రీస్తు సేవలో,
మీ పాస్టరు